బోర్డు వెనక లాడం

పాడ్యమి. చీరాల, ఉప్పు మైదానం

ఎగిరేవాళ్ళ సంఘం నిబంధన కాబట్టి ఈ పుస్తకం రాస్తున్నాను, లేకపోతే నాకింత ఓపిక లేదు. విమానం పేరు నాడె. మగ్గం మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తి మళ్ళీ వెనక్కి వచ్చేది నాడె. ఇదీ తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రానికి పోయి, దేశమంతా చూసి వెనక్కి రావాలి. కట్టింది నేను, హైమ, మగ్గాల మెకానిక్‌ని. రెక్కల గుడ్డ నేసింది మా అత్త చౌడమ్మ. ఆమె నాకు సొంత మేనత్త, తర్వాత అత్తగారు కూడా అయింది, కాబట్టి రెండు రకాలుగానూ నా నెత్తినెక్కే హక్కు ఆమెకుంది. డెబ్బై ఒకటో ఏట ఆమెకు ఒకటే కోరిక. సూర్యుడు సముద్రంలోంచి లేవడం పుట్టినప్పటినుంచీ చూస్తోంది, సముద్రంలో మునగడం ఒక్కసారి చూడాలట.

మా ఆయన రావడం లేదు. ఆయనకు మేడ మెట్లెక్కినా కళ్ళు తిరుగుతాయి.

ఈరోజు పని దిక్సూచి సరిచూడటం. మనుషులు పైకి పంపిన చుక్కలన్నీ రాలిపోయి నలభై మూడేళ్ళయింది. దారి చెప్పే పెట్టెలు అప్పుడే మూగబోయాయి. ఇప్పుడు గాల్లో ఉన్నవాళ్ళు ఆ ముల్లునే నమ్ముకోవాలి. మైదానం మీద సున్నంతో ఎనిమిది దిక్కులకూ గీతలు గీశాను. ఒక్కో గీత మీద నాడెను నిలబెట్టి, ముల్లు ఎంత చూపిస్తోందో రాసుకుని, ఎంత దిద్దుకోవాలో చీటీ తయారుచేసి బోర్డుకు అంటించాను. పడమటి వైపు ఇరవై డిగ్రీల తేడా వచ్చింది. పోయిన నెల చూసినప్పుడు రెండు డిగ్రీలు కూడా లేదు. కొత్త మోటారులోని అయస్కాంతం ముల్లును లాగుతోంది కాబోలు. లాగితే లాగనీ, చీటీ ఉంది కదా. పడమరకు పోవాలంటే ముల్లు చెప్పినదానికి ఇరవై డిగ్రీలు ఎడమకు పట్టాలి, అంతే.

అసలు ఈ పని నిన్ననే అయిపోవాల్సింది. అమావాస్య అంటూ అత్త నన్ను షెడ్డులో అడుగు పెట్టనివ్వలేదు. తను మాత్రం దీపం పెట్టొస్తానని వెళ్ళి అరగంట లోపలే ఉంది.

విదియ. శ్రీశైలం విడిది

గీత గీసినట్టు వచ్చాం. చీటీ ప్రకారం పట్టాను, గుండ్లకమ్మ ఎక్కడ కనపడాలో అక్కడే కనపడింది, నల్లమల అంచు ఎప్పుడు రావాలో అప్పుడే వచ్చింది. నన్ను నేనే మెచ్చుకున్నాను, ఇంకెవరూ మెచ్చుకునేలా లేరు కాబట్టి.

అత్త వెనక సీటు. ఇద్దరి మధ్యా మాట్లాడుకోవడానికి రబ్బరు గొట్టం పెట్టాను, అదే నేను చేసిన తప్పు. చీరాల దాటినప్పటి నుంచీ ఒకటే గోల.

"అదేందే హైమా, రెక్క అట్టా వణుకుతా ఉంది?"

"గాలికి అత్తా."

"గాలికని నాకు తెలవదా? ఎందుకంత వణుకుతా ఉందని."

"నువ్వు నేసిన గుడ్డేగా, నువ్వే చెప్పు."

అడకత్తెర టకటకలాడిన చప్పుడు గొట్టంలోంచి వచ్చింది. వక్క కత్తిరిస్తోంది. భయమేసినా వక్కే, సంతోషం వేసినా వక్కే ఆమెకు. కృష్ణ లోయ మీదికి వచ్చినప్పుడు మాత్రం, ఎర్రటి రాతి గోడల మధ్య ఆకుపచ్చ నీళ్ళు చూసి, "అమ్మ నా తల్లే" అని ఒక్క మాట అంది. 

విడిది చూసుకునే ఈరన్న బ్యాటరీలు గాలిమరకు తగిలించి, రేపటి దారి అడిగాడు. ఆదోని కొండ మీదుగా హంపి విడిది, అక్కడినుంచి పడమటి సముద్రం అన్నాను. ఆయన ముఖం మారింది.

"ఆదోనికి ఎడమపక్క మాత్రం పోవద్దండమ్మా. ఆ పక్కంతా అద్దాల సీమ. చూసే మనిషి ల్యాకపోయినా ఆ అద్దాలు ఇంగా పొద్దును చూసి తిరుగుతానే ఉండాయి. పోయినేడు ఇద్దరు పోయినారు. రెక్క కమ్మీలు దొరికినాయి, అంతే."

దేశంలో ఎప్పుడో కరెంటు కోసం కట్టిన అద్దాల తోట అది. వేలకు వేల అద్దాలు ఎండను ఒక స్తంభం మీదికి విసురుతాయి. ఆ కరెంటు ఇప్పుడు ఎవరికీ పోవడం లేదు, ఆపేవాళ్ళూ లేరు. నేను నవ్వి, నా దిక్సూచి తప్పదులే అన్నాను.

తదియ, తెల్లవారి. శ్రీశైలం విడిది

అత్తా నేనూ మాట్లాడుకోవడం లేదు.

పొద్దున బోర్డు వదులుగా ఊగుతుంటే మరలు బిగిద్దామని విప్పాను. దిక్సూచి వెనకాల, ఎర్రదారంతో కట్టిన పసుపు గుడ్డ మూట. విప్పితే గుర్రపు లాడం. మా మగ్గాల సావిడి గడప మీద మూడు తరాలుగా వేలాడిన లాడం! 

"ఇదేంటత్తా?"

"దిష్టికి. నీకెందుకు, ఆడ పెట్టెయ్."

"విమానంలో ప్రతి గ్రాము లెక్క చూసి కట్టాను నేను. నువ్వు అరకిలో ఇనుము తెచ్చి నాకు తెలియకుండా పెడతావా?"

"చెప్తే పెట్టనిస్తావా? సంఘంలో అందరూ నీ రెక్కల్నే చూస్తిరి. ఒక్కొక్కళ్ళ కళ్ళు ఎట్టాంటియ్యో నీకేం తెలుసు?"

"నా పనిమీద నీకు నమ్మకం లేదు, అదీ సంగతి."

అరిచాను. ఈరన్న ముందు అరవకుండా ఉండాల్సింది. పైకి లేచాక లోయ మీద కిటికీ తెరిచి లాడాన్ని కృష్ణలో పారేస్తానని కూడా చెప్పాను. అన్నాక చెయ్యకుండా ఉండను. 

తదియ, సాయంత్రం. ఎక్కడో తెలియదు

అక్షరాలు వంకరపోతే సంఘం వాళ్ళు మన్నించాలి.

లాడం పారేశాను. గొట్టంలోంచి అడకత్తెర చప్పుడు కూడా రాలేదు. చీటీ ప్రకారం పట్టాను. ధూళి ఎక్కువగా ఉంది, సూర్యుడు వెనక ఎక్కడో మసకగా ఉన్నాడు. నల్లమల దాటాక ఒక చిన్న నది వచ్చింది. పటంలో అక్కడ నది లేదు. పాత పటం అనుకున్నాను. కుడిచేతి వైపు తుంగభద్ర కనపడాలి. ధూళిలో కనపడటం లేదు అనుకున్నాను. లేచి రెండు గంటలు కావడానికి కాస్త ముందు కోట ఉన్న పెద్ద రాతి కొండ వచ్చింది. ఆదోని! కొండ, కోట, అన్నీ ఉన్నాయి. పది నిమిషాలు ముందే వచ్చింది, వెనకగాలి అనుకున్నాను. ఎన్ని అనుకున్నానో ఇప్పుడు లెక్కపెడుతుంటే సిగ్గేస్తోంది. 

"హైమా, ఆ కొండ పక్కన ఊరు ఇంత చిన్నదా? ఆదోని పెద్దూరంటారే."

"నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదులే."

మరో నలభై నిమిషాలకు ముందు ధూళి తెల్లగా అయింది. తర్వాత పసుపు. ఎదురుగా గాల్లో, నేలకు చాలా ఎత్తున, ఒక వెలుగు ముద్ద ఉంది. దాని చుట్టూ గాలే మెరుస్తోంది. మా కన్నా కాస్త కింద కొంగల బారు ఒకటి ఆ మెరుపులోకి పోయింది. ఒక్కో కొంగా చిన్న పొగ చుక్క అయింది. పది పన్నెండు పొగ చుక్కలు, వరసగా. ఆ పొగ చారల కింద నేలంతా అద్దాలు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాడెను ఎడమకు పడేసినట్టు తిప్పాను. ఒక క్షణం లోపలంతా తెల్లబడింది, చెంప మీద పొయ్యి తలుపు తీసినట్టు సెగ తగిలింది, వార్నిష్ కాలిన వాసన వచ్చింది. అత్త అరవలేదు. "చౌడేశ్వరీ, చౌడేశ్వరీ" అని మెల్లగా అంటూనే ఉంది. బ్యాటరీ పన్నెండు శాతానికి పడింది. వాగు ఇసుక కనపడితే దించేశాను. చక్రం ఒకటి కూరుకుపోయింది, ఏమీ విరగలేదు.

అద్దాల తోట అంచు మా నుంచి కిలోమీటరు దూరం కూడా లేదు. నీళ్ళు ఆరు లీటర్లు. మనుషులు వచ్చే చోటు కాదిది. రెక్కల మీద ఎండను కరెంటు చేసే పొరలతో బ్యాటరీలు సగమైనా నిండాలంటే రెండు పగళ్ళు పడుతుంది, అదీ వంద కిలోమీటర్లకే. అంటే రెండు రోజుల తర్వాత ఒక్కసారి ఎగరగలం, ఒక్క దిక్కుకు. ఆ దిక్కు తప్పైతే నీళ్ళు ఉండవు. నాకైతే ఏదో ఒకటి అవనీ, అత్తను డెబ్బై ఒకటో ఏట ఈ ఇసుకలో పడుకోబెట్టి మా ఆయనకు ఏ ముఖం చూపించను?

ముల్లు తప్పిందో, పటం తప్పిందో, నేను తప్పానో తెలియదు. అదే అన్నిటికన్నా భయంగా ఉంది.

చవితి. వాగు ఇసుక

పొద్దున పదింటికి ఎండుగడ్డి కాలుతున్న వాసన వచ్చింది. చూస్తే, వాగు అవతలి గట్టు మీద మంచమంత వెలుగు మరక ఒకటి పాకుతోంది. దాని కింద గడ్డి పొగలేస్తోంది.

అద్దాల్లో కొన్నిటి మోటార్లు చెడిపోయినట్టున్నాయి. మిగతావి సూర్యుణ్ణి చూసి తిరుగుతుంటే ఇవి ఒకేచోట బిగుసుకుని, పడిన ఎండను ఇష్టమొచ్చిన చోటికి విసురుతున్నాయి. అలాంటివి నాలుగైదు ఒకచోట కలిశాయి. సూర్యుడు పడమటికి జరిగేకొద్దీ ఆ మరక తూర్పుకు జరుగుతోంది. తూర్పున మేమున్నాం. నాడె ఒళ్ళంతా గుడ్డ, వార్నిష్.

"లాగవే! సూస్తా నిలబడ్డావేందే, లాగు!"

అత్త ముందుగా కదిలింది. తోకకు తాడు కట్టి ఇద్దరం లాగాం. ఇసుకలో చక్రాలు కదలవు. ఆమె చీర పైకి దోపి, మడమలు ఇసుకలో తన్ని లాగుతోంది. నేను చక్రాల ముందు ఇసుక తవ్వుతున్నాను. మరక పరుగెత్తదు, అదే నరకం. జానెడు జానెడు వస్తుంది, మనం ఎంత లాగినా దాని పని అది చేసుకుంటూ వస్తుంది. ఎడమ రెక్క కొసను తాకింది. గుడ్డ గోధుమరంగు అయింది, నల్లబడింది, పళ్ళెమంత మేర భగ్గుమంది. అత్త తన పైట తీసి దానిమీద వేసి చేతులతో ఒత్తి ఆర్పింది.

మరక మమ్మల్ని దాటి పోయేసరికి ఇద్దరం రెక్క కింద పడిపోయి ఉన్నాం. ఆమె అరచేతులు పొంగాయి. నేను తడిగుడ్డ చుడుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఎందుకే ఏడుస్తావ్? చేతులు నాయి, మంట నాది."

"నా వల్లే గదా."

"లాడం పారేస్తివి. అందుకే ఇట్టయింది." కోపంగా అనలేదు, ఉప్పు తక్కువైందన్నట్టు అంది. "మనల్ని కాసేదాన్ని ఏట్లో వేస్తివి."

మామూలు రోజైతే ఎగిరి పడేదాన్ని. ఈరోజు తడిగుడ్డ ముడేశాను.

సాయంత్రం ఆమె కాలిన చేతులతోనే రెక్కకు మాసిక వేసింది. తన పైటలో మంచి ముక్క చూసి కత్తిరించి, పోగుకు పోగు కలిపి కుట్టింది. నేను వార్నిష్ పూశాను. నీళ్ళు మూడున్నర లీటర్లు.

పంచమి. వాగు ఇసుక

మరక ఈరోజూ అదే వేళకు, అదే దారిన వచ్చింది. నిన్నటి కాలిన గడ్డి చార చూసి నాడెను ముందే పక్కకు లాగి పెట్టాం. అయినా అది దగ్గరికి వచ్చినంతసేపూ ఇద్దరం తాడు పట్టుకునే నిలబడ్డాం.

తర్వాత ఈ పుస్తకం మొదటినుంచీ చదివాను. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకుండా రేపు ఎగరలేను. పాడ్యమి, చీటీ రాశాను. విదియ, గీత గీసినట్టు వచ్చాం. తదియ, తప్పిపోయాం. విదియకూ తదియకూ మధ్య నాడెలో మారింది ఒక్కటే. పుస్తకం మూశాను.

"అత్తా, ఆ లాడం నువ్వు ఎప్పుడు పెట్టావు?"

"అమాస నాడు. దీపం పెట్టను పోయినప్పుడు."

అమావాస్య నాడు ఆమె పెట్టింది. పాడ్యమి నాడు నేను చీటీ రాశాను. ముల్లును ఇరవై డిగ్రీలు లాగింది కొత్త మోటారు కాదు, లాడం. లాడం ఉంది కాబట్టే ఆ చీటీ సరైనది. లాడాన్ని ఏట్లో పారేసి, చీటీని మాత్రం బోర్డు మీదే ఉంచి, లేని లాడానికి దిద్దుకుంటూ ఇరవై డిగ్రీలు ఎడమకు, అద్దాల మీదికి తెచ్చాను. అక్కడ చూసిన కొండ ఆదోని కాదు, గుత్తి అయివుండాలి.

చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పేశాను. ఆమె అంతా విన్నది.

"అంటే నేను చెప్పిందే గదా?"

"నువ్వు చెప్పింది కాదు. దిష్టికీ దీనికీ సంబంధం లేదు. అది ఇనుము, ముల్లును లాగింది."

"లాడం తీస్తే దారి తప్పినామా లేదా?"

"తప్పాం."

"ఇంకేందే మరి!"

ఇద్దరం నవ్వాం. పెదవులు పగిలి ఉండటంతో నవ్వితే రక్తం వచ్చింది.

ఇక పని. ఇక్కడ సున్నం గీతలు లేవు. ఇసుకలో ఒక కర్ర పాతాను. పొద్దున దాని నీడ కొస ఎక్కడుందో గుర్తుపెట్టి, అత్త కర్రకు దారం కట్టి ఆ కొలతతో గుండ్రంగా గీసింది. పడుగు దారాలు చాచి చాచి ఆమె కంటికి వంకర అంటే ఏమిటో తెలుసు. మధ్యాహ్నం తిరిగాక నీడ కొస మళ్ళీ ఆ గీతను ఎక్కడ ముట్టిందో అక్కడ ఇంకో గుర్తు. రెండు గుర్తులనూ కలిపి దారం లాగితే అదే తూర్పు పడమర. దాని మీద నాడెను నిలబెట్టి ముల్లు చూశాను. తేడా రెండు డిగ్రీలు. అంటే ముల్లు బంగారంలా ఉంది. ఏ ఇనుమూ అక్కర్లేదు, ఏ చీటీ అక్కర్లేదు. హంపి ఇక్కడికి వాయవ్యాన.

లెక్క సరిపోయింది. బ్యాటరీ సాయంత్రానికి సగం నిండింది. సంతోషించాలి.

నాకు మాత్రం రెక్క కింద కూర్చుంటే నమ్మకం కుదరలేదు. ఇదే నమ్మకంతో కదా తదియ నాడు లేచాను. అప్పుడూ లెక్క సరిపోయింది. రేపు ఆ దిక్కుకు పోతే ముందుగా ఆ అద్దాల తోట పక్కనుంచే పోవాలి. కళ్ళు మూస్తే ఆ కొంగలే, వరసగా పొగ చుక్కలు. ఇరవై రెండేళ్ళుగా మగ్గాలు విప్పి బిగించిన చేతులు నావి, వాటిని నేను నమ్మలేకపోతున్నాను. భయంగా ఉంది. ఇది సంఘం పుస్తకమని తెలుసు, అయినా రాస్తున్నాను.

"అత్తా, నీ దగ్గర ఇనుమేమైనా ఉందా?"

ఆమె నా ముఖం కాసేపు చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. నడుముకు దోపుకున్న సంచి తీసి, అందులోంచి అడకత్తెర తీసింది. ఆమె పెళ్ళికి ఆమె తల్లి ఇచ్చింది అది. మాసిక వెయ్యగా మిగిలిన ఎర్ర అంచులోంచి దారం లాగి, మూడు చుట్లు చుట్టి, ముడేసి నా చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టు ఈసారి," అంది.

బోర్డు మరలు విప్పి దిక్సూచి వెనక పెట్టాను. ముల్లు కదిలింది, పద్నాలుగు డిగ్రీలు. నాడెను మళ్ళీ ఎనిమిది దిక్కులకూ తిప్పి, కొత్త చీటీ రాసి అంటించాను. ఇసుకలో విమానాన్ని ఎనిమిదిసార్లు తిప్పడమంటే మాటలు కాదు. అత్త కాలిన చేతులతో తాడు పట్టింది. ఎందుకింత కష్టమని ఆమె అడగలేదు. చీటీ అడుగున రాయమని మాత్రం చెప్పింది, రాశాను: అడకత్తెర తీయరాదు.

షష్ఠి. హంపి విడిది

తెల్లవారగానే, అద్దాలు ఇంకా నిద్రలో ఉండగానే లేచాం. అద్దాలకు నిద్రేమిటని సంఘం వాళ్ళు నవ్వుకోవచ్చు. సూర్యుడు పైకొచ్చేలోపు దాటిపోవాలి, దాటేంతవరకూ నేను ఊపిరి సరిగ్గా పీల్చలేదు. చీటీ ప్రకారం పట్టాను. మాసిక వేసిన రెక్క కొస వణుకుతూనే ఉంది. ఎందుకు వణుకుతోందని అత్త అడగలేదు, అడిగితే బాగుండనిపించింది. అరగంటకు నీళ్ళు అయిపోయాయి. యాభై నిమిషాలకు ఎదురుగా గుండ్రాళ్ళ గుట్టలు, వాటి మధ్య వెడల్పాటి వెండి చార.

"అదేనా?" అని గొట్టంలోంచి వినపడింది.

"తుంగభద్రే అత్తా."

ఆమె ఏడుస్తోందని గొట్టంలోంచి తెలిసింది. నేనూ ఏడ్చాను, కానీ విమానం తిన్నగానే పట్టాను.

ఇక్కడి విడిది చూసుకునే పిల్ల పేరు నింగమ్మ. చురుకైనది. బ్యాటరీలు తగిలించి, రేపటి సముద్రం దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తానని బోర్డు విప్పింది.

"ఏందక్కా ఇది, ఈడెవరో అడకత్తెర మర్సిపోయినారు," అంటూ దాన్ని పట్టుకుని లాగబోయింది.

"ముట్టుకోవద్దు!"

నా అరుపుకు నింగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. గాలిమర దగ్గరున్న వాళ్ళంతా మావైపు తిరిగి చూశారు. నా ముఖం వేడెక్కింది.

"దిక్సూచి కోసం," అన్నాను. "లెక్క ప్రకారం పెట్టింది. చీటీ చూడు, రాసుంది."

ఆ అమ్మాయి చీటీ చదివి, పెద్ద విషయమేదో నేర్చుకున్నట్టు తలూపి, బోర్డు జాగ్రత్తగా బిగించింది. అత్త అరుగు మీద కూర్చుని, గుడ్డలు చుట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది. కత్తిరించడానికి అడకత్తెర లేక, నిండు వక్కను బుగ్గన పెట్టుకుని నానబెడుతోంది.